ఊరందరికీ ఒకే నడక

ప్లానింగ్ ఆఫీసరమ్మ ముందు ‘గుర్రం’ నడుస్తున్నాడు.

గుర్రమంటే ఆఫీసు అటెండరు. నడకలో అతన్ని అందుకున్నవాడు లేడు గనుక ఆ పేరు స్థిరపడింది.

ఏ వీధికి వెళ్లినా అతనే నడవాలి, ఆమె గడియారం చూడాలి. ఇంటి నుంచి బస్ స్టాపుకు ఎంతసేపు పడుతుందన్నదే కొలత. అవతలి స్టాపుకే త్వరగా చేరిపోతే మధ్యలోది దండగ, తీసేయడమే.

ఆ వీధిలో ఒక పెద్దాయన కూరల సంచీతో ఎదురొచ్చాడు. ఏం కొలుస్తున్నారని అడిగాడు. అంతా విని, సంచీ ఆమె ముందుకు చాపాడు.

“ఇది పట్టుకుని ఒక్కసారి నడిచి చూడమ్మా.”

తన సంచీ బరువు ఇంటిదాకా మోయించుకోవడానికి ఎత్తు వేశాడనుకుంది. నవ్వొచ్చింది.

“కొలత అందరికీ ఒకటే ఉండాలి తాతగారూ. మనిషికొకటి పెడితే ఊరు బాగుపడదు.”

“ఒకటే ఉండాలి. అది ఎవరి నడకన్నదే చూసుకోవాలి.”

చాదస్తం అనుకుంది. ఊరుకోక ఇంకో మాట కూడా అంది.

“ఈ స్టాపులు ఇంత దగ్గరగా పెట్టినాయన కూడా మీలాగే నాలుగడుగులకు ఆయాసపడే మనిషై ఉంటాడు.”

పెద్దాయన నొచ్చుకోలేదు. సంచీ చేయి మార్చుకుని వెళ్లిపోయాడు.

ఆ వీధి స్టాపు తీసేశారు. పైవాళ్లు ఆమెను మెచ్చుకున్నారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు గుర్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఆ పెద్దాయన కూరలు తెచ్చుకుంటూ అవతలి స్టాపులో దిగాడట. ఇంటికి నడుస్తూ, పాత స్టాపు దాకా కూడా రాకుండానే కూలబడ్డాడట. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట.

ఆమె ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది.

ఏ ఆఫీసు నుంచో చెప్పగానే, తలుపు తీసిన కూతురు ఆమె ఎవరో పోల్చుకుంది. తండ్రి ఈమె గురించి చెప్పేవాడట, పని శ్రద్ధగా చేస్తుందని. కోప్పడకుండా కుర్చీ చూపించింది. తిట్టినా బాగుండుననిపించింది ఆఫీసరమ్మకు.

“ఆ రోజు సంచీ మోయమంటున్నారనుకుని వెటకారం చేశాను. తప్పయిపోయింది.”

కూతురు గోడవారనున్న సంచీ వైపు చూసింది.

“మోయమని కాదండీ, నాన్న కొలతే అది. మీ కుర్చీలో ఉన్న రోజుల్లో నన్ను చంకనేసుకుని, చేతిలో నిండు సంచీతో ఊళ్లో ప్రతి వీధీ తనే నడిచి ఆ స్టాపులు పెట్టించారు.”