అమ్మ వెనక నడిచినది

పాత సినిమాను కొత్త డిస్కు కోసం ఇంత తేటగా కడగాలా అని అడిగేవాళ్ళున్నారు. నాకూ ఆ అనుమానం ఉండేది. కానీ ఇది మా అమ్మ కథానాయికగా చేసిన ఒకే ఒక్క దయ్యాల సినిమా. అప్పట్లో ఆడలేదు గానీ, తర్వాత జనం వెతుక్కుని మరీ చూశారు. అందుకే దేవుడికి దణ్ణం పెట్టుకుని, కంప్యూటరు తెర మీద ఒక్కో బొమ్మలోని మరకా గీతా నేనే తుడుస్తున్నాను.

ఆ రాత్రి, అమ్మ దీపం పట్టుకుని ఒంటరిగా వరండాలో నడిచే ఘట్టం దగ్గరికి వచ్చాను. పాత ప్రింటులో అక్కడ అమ్మ ముఖం తప్ప అంతా మసి. షూటింగు రోజున తన వెనక ఎవరో నడిచారని అమ్మ చెబితే అందరూ నవ్వారట. పిచ్చిదన్నారు. మళ్ళీ ఎవరూ వేషం ఇవ్వలేదు.

మెల్లగా మసి విడిపోయింది. అమ్మ వెనక ఒక ఆకారం కనిపించింది. తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా, అమ్మ జడ కొస పట్టుకుని నడుస్తోంది.

అమ్మను పిలిచి చూపించాను. ఆమె తెర దగ్గరికి వంగి చూసింది.

"చూశావురా? నేను అబద్ధమాడానా?" అంది. ఆమె వెన్ను నిటారైంది.

"లేదమ్మా. నీ మాటే నిజం. దీన్ని చెరపను, లోకమంతా చూడనీ." అన్నాను గర్వంగా.

అమ్మ తృప్తిగా తల ఊపింది.

"అది నాతో ఇంటికొచ్చేసిందంటే మీ నాన్న కూడా నవ్వారు. నువ్వు కాస్త పక్కకి జరగరా. దానికి తెర కనబడట్లేదు."