తెల్ల దుప్పటి

ఆక్లండ్‌లో ఉద్యోగం ఊడి ఫిజీలోని మా ఊరికి తిరిగొచ్చాక, నేను రోజూ తిట్టుకున్నది చక్కెర మిల్లు పొగగొట్టాన్నే. ఉతికిన బట్టల మీద మసి రాలుతూనే ఉండేది.

అది తెలిసి కూడా ఫూల్‌మతి అత్త రోజూ పొద్దున్నే ఒక తెల్ల దుప్పటి వాకిట్లో తీగ మీద ఆరేసేది. సాయంత్రం మచ్చలు చూసుకుని మళ్ళీ నానబెట్టేది.

"ఇదేం ఊరు అత్తా! లోపల ఆరేసుకోవచ్చుగా?"

"ఓరి ఆక్లండ్ దొరా! అది నీకు కప్పడానిక్కాదులే. నోరు మూసుకుని రొట్టె తిను."

నిన్న సాయంత్రం దుప్పటి తీస్తే మల్లెపువ్వులా ఉంది.

"అత్తా! ఇవాళ మనమే గెలిచాం!" అని అరిచాను.

అత్త పరుగున వచ్చింది. దుప్పటిని అటూ ఇటూ తిప్పి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, మెట్టు మీద కూలబడింది.

"మిల్లు ఆగిపోయిందిరా. నా చూపు ఆ పొగగొట్టం దాకా ఆనదు. మసి పడితేనే నాకు ధైర్యం. మీ మావయ్య చెరకంతా ఇంకా పొలంలోనే ఉంది."

తలెత్తి చూశాను. వీధి పొడవునా ప్రతి తీగ మీదా ఒక తెల్లగుడ్డ. ప్రతి దాని దగ్గరా ఎవరో ఒకరు నిలబడి తిప్పి తిప్పి చూస్తున్నారు. నెల రోజులుగా ఇక్కడే ఉండి నేనిది చూడనేలేదు.

ఇవాళ పొద్దున్నే, ఇంటర్వ్యూల కోసం దాచుకున్న నా తెల్ల చొక్కా తీసి దుప్పటి పక్కన ఆరేశాను. సాయంత్రం దాకా దాని కిందే కూర్చున్నాను.

ఒక్క మచ్చ కూడా పడలేదు.