పార్లో, పార్లి, పార్లా

"ఇక ఆపమ్మా ఆ గోల," అంది ఆస్పత్రి గదిలో తెర అవతల నుంచి, పక్క మంచం అతని అక్కగారు. "నలభై రోజులుగా అదే పాట. మా తమ్ముడికి ఎలాగూ వినపడదు. నాకు వినపడుతోందిగా."

టీచరుగారి భార్య తల ఎత్తలేదు. నోటుబుక్కులో వేలు పెట్టిన వరస మీంచి వేలు తీయకుండానే, ఇవాళ ఒక్కరోజే అక్కా, రేపటి నుంచి మీకు ఈ బాధ ఉండదు అంది. ఆ మాట అనేటప్పుడు గొంతు వణుకుతుందనుకుంది. వణకలేదు.

రేపు పొద్దున పదింటికి పెద్ద డాక్టరు వస్తాడు. ఈలోగా స్పృహ లేకుండా మంచం మీదున్న టీచరుగారు రెప్పో, వేలో, పెదవో తనంతట తాను కదిపితే వైద్యం సాగుతుంది. లేకపోతే ఊరి చివర, ఒళ్లు తుడిచి గొట్టంలో పాలు పోస్తూ ఉంచే చోటికి మార్చేస్తారు. అక్కడి నుంచి ఎవరైనా లేచి ఇంటికి వెళ్లారా అని నర్సును అడిగింది. నర్సు దుప్పటి అంచు సర్దడం మొదలుపెట్టింది.

ఆయనకి బాగా అలవాటైన మాటలు చెవిలో వేస్తూ ఉండమని మొదటి వారంలోనే డాక్టరు చెప్పాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో తమ ఇద్దరి మధ్యా నడిచిన మాటలేమిటా అని ఆమె వెతికింది. గ్యాస్ కట్టేశావా, గొళ్లెం వేశావా, కూరలో ఉప్పు చాలలేదు. అంతకు మించి పెద్దగా దొరకలేదు. ఆయన మాటలన్నీ ముందుగదిలో, ఇటాలియన్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల దగ్గరే అయిపోయేవి.

నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, అతను మాట్లాడతాడు అనడానికి ఆ భాషలో పార్లో, పార్లి, పార్లా. ఆ తర్వాత మేము, మీరు, వాళ్లు. పార్లియామో, పార్లాతే, పార్లనో. ఒక్కో క్రియకి ఆరేసి రూపాలు. జరిగినదానికో ఆరు, జరగబోయేదానికో ఆరు, జరిగితే బాగుండునని కోరుకునేదానికి మరో ఆరు. వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతూ, మీ మంత్రాలకి చింతకాయ ఒక్కటైనా రాలిందా అని ఆమె ఎకసెక్కం చేసేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆ మంత్రాలనే ఆయన కొత్తవాళ్ల కోసం మన అక్షరాల్లో నోటుబుక్కు నిండా రాసిపెట్టుకున్నాడు. ఆమె దాన్నే ఆస్పత్రికి తెచ్చుకుంది.

రోజూ నాలుగింటి నుంచి ఆరింటి దాకా చదువుతుంది. మొదట్లో ఆశతో చదివింది, తర్వాత భయంతో. ఇప్పుడు రెండూ లేవు. కాజాల మీద చెయ్యి నడిచినట్టు నోరు నడుస్తోంది. ఏడుద్దామన్నా ఏడుపు రావడం లేదు. మొన్న ఒకసారి తన చేతిని తనే గిల్లి చూసుకుంది. నొప్పి తెలిసింది, అంతే.

తెర అవతలి మంచం లిఫ్టు మెకానిక్‌ది. మూడు నెలలుగా అతనిలోనూ ఉలుకూ పలుకూ లేదు. అక్కగారు రోజూ వచ్చి, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తమ్ముడితో మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. వినపడనివాడితో మాట్లాడితే నలుగురూ నవ్వుతారని ఆమె భయం. ఇందాక వెళ్లి నర్సుకి ఫిర్యాదు చేసింది కూడా. ఈ ఒక్క సాయంత్రం సర్దుకుపొమ్మంది నర్సు.

ఆరు కావడానికి పావుగంట ఉందనగా టీచరుగారి భార్యకి ఒక సంగతి తట్టింది. ఆయన తప్పుని భరించలేడు. ముందుగదిలో ఎవరైనా ఒక్క రూపం తప్పు చెబితే, స్నానాల గదిలో ఒంటినిండా సబ్బుతో ఉన్నా సరే, తలుపు మీద టకటకా కొట్టి సరైనది అరిచి చెప్పేవాడు. నలభై రోజులుగా తను అన్నీ ఒప్పుగానే చదువుతోంది. ఒప్పుకి ఆయన ఎప్పుడు నోరు తెరిచాడు కనక?

నోటుబుక్కు మూసేసింది. క్లాసులో మొద్దు పిల్లలా గట్టిగా, "పార్లో, పార్లి, పార్లో" అంది.

ఆయన ముఖంలో మార్పేమీ లేదు. ఆమె మళ్లీ అంది. వేళ్లకేసి, రెప్పలకేసి, పెదవులకేసి వరసగా చూసింది. తెర అవతల అక్కగారు విసుగ్గా కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది. నర్సు వచ్చి గుమ్మంలో నిలబడి, ఇక లేవమన్నట్టు గడియారం వైపు చూసింది.

సంచిలో నోటుబుక్కు పెట్టుకుంటూ, నోటికి అలవాటైపోయి, మూడోసారి కూడా అంది.

"పార్లో, పార్లి, పార్లో."

"పార్లా."

బొంగురు గొంతు. చాలా రోజులకి తీసిన తలుపులా కిర్రుమంది గానీ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. మగగొంతు. నర్సు గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. టీచరుగారి భార్యకి ఇన్నాళ్లకి తన గుండె చప్పుడు తనకే వినపడింది. ఏవండీ, ఏవండీ అంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఎప్పట్లాగే చల్లగా ఉంది. ఎండిన పెదవులు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

తెర అవతల ఫ్లాస్కు కింద పడి పగిలింది.

"ఆపకమ్మా," అంది అక్కగారు ఏడుస్తూ. "చదువు. మా తమ్ముడు వింటున్నాడు."