కళ్లు మూసుకుంటే రాని మొహం

ఫ్యాక్టరీ రెండో షిఫ్టు బస్సు బీరంగూడ మలుపులో ఆగి వెళ్లిపోయింది. కాసేపటికి గల్లీలో ఎడమకాలు ఈడ్చే చెప్పుల చప్పుడు విని తుల్జమ్మ లేచి కూర్చుంది. అది రోజూ ఆ బస్సు దిగి వచ్చే ఆమె పెనిమిటి సంగప్ప నడక.

తుల్జమ్మకు పుట్టుకతోనే మొహాలు గుర్తుండవు. కళ్లు మూసుకుంటే, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి మొహం కూడా రాదు. నడక, గొంతు మాత్రమే వస్తాయి. నెల కిందట సంగప్ప పోయినప్పుడు, కడసారి చూపుకి తీసుకెళ్తే, కదలని ఆ మొహం చూసి, "గీయనెవరు?" అని అడిగింది. దుఃఖంతో మతి తప్పిందనుకున్నారు.

చప్పుడు గుమ్మం ముందు ఆగింది.

"జెర లేటైందే. తల్పు తియ్యి." గొంతు కూడా సంగప్పదే.

కిటికీలోంచి చూసిన కూతురు రవళి తల్లి చెయ్యి పట్టుకుంది. "తియ్యకే అమ్మా! గది నాయిన మొఖం కాదే!"

"మొఖం జూసి సాగనంపింది మీరు. నేనింకా సాగనంపలే బిడ్డా," అంటూ తుల్జమ్మ గడియ తీసింది.