ఐదు నక్షత్రాల గూడు

గోరింక కొత్తగా తెరిచిన గూళ్ళ దుకాణానికి, నేడో రేపో గుడ్లు పెట్టాల్సిన గువ్వ వెళ్ళింది. గూడు చూడ్డానికి ముద్దొస్తోంది గానీ, గువ్వకు గుబులు తీరలేదు.

"వానకు ఆగుతుందా అన్నా?"

"భలేదానివమ్మా! కోకిలమ్మంతటి ఆవిడ ఐదు నక్షత్రాలిచ్చింది."

"ఆవిడ తన గుడ్లు కాకి గూట్లో పెట్టిపోతుంది కదా, గూళ్ళ సంగతి ఆవిడకేం తెలుసు?"

"సొంత గూడు లేదు గనకే ఆవిడకి ఏ గూటి మీదా పక్షపాతం లేదు!"

ఆ మాట గువ్వకు సబబుగానే తోచింది. గూడు కొని, గుడ్లు పెట్టింది. తొలకరి జల్లుకే గూటి అడుగు ఊడి గుడ్లు నేలపాలయ్యాయి.

గోరింకను కడిగి పారేద్దామని తడి రెక్కలతోనే దుకాణానికి ఎగిరింది. అక్కడ తనలాగే గూళ్ళు ఊడిన పిట్టలన్నీ కొమ్మ పొడుగునా బారులు తీరి, మళ్ళీ అవే గూళ్ళు కొంటున్నాయి. గోరింక గొంతు చించుకుంటోంది: "ఒక్క వానకే మా అమ్మకాలు రెట్టింపు! అడవిలో ఇలాంటి గూడు ఇంకోటుందా?"

గువ్వ ఆ బారును ఎగాదిగా చూసింది. ఇంతమంది ఎగబడి కొంటున్నారంటే తప్పు గూటిది కాదు, తన గుడ్లే కాస్త బరువెక్కువై ఉంటాయనుకుని, సిగ్గుపడుతూ వెళ్ళి వరుసలో నిలబడింది.