చీమల పట్నం, గేదె మడుగు

ఏ కాలమో నన్నడక్కండి గానీ, ఒక వాగు ఒడ్డున చీమల పట్నం ఉండేదండీ. లక్ష గడప! ఏటా వరదొచ్చి సగం గుడ్లు ఊడ్చుకుపోయేది. పట్నం పెద్ద చుక్కమ్మ ఈసారి గేదెను బతిమాలి, ఎగువన పొర్లించి పొర్లించి ఓ పెద్ద మడుగు చేయించి, దానికో తూము పెట్టించింది. వాగు పొంగితే నీళ్లు అందులోకి మళ్లాలని ఆశ.

తొలకరికే మడుగు నిండింది. "ఇంక మనకేం భయం!" అని చీమలు చిందులేశాయి.

పని ఎలా ఉందో చూడమని పిలిస్తే వచ్చిన తాబేలు తాత తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడే నిండిపోతే, రేపొచ్చే వరద ఎక్కడ కూర్చుంటుందే అమ్మాయ్? తూము తీసి ఖాళీ చెయ్యి."

"నా ఈత నీళ్ల మీదే పడిందా ముసలాయన కన్ను?" అని గేదె మండిపడింది.

చుక్కమ్మకూ ప్రాణం ఒప్పలేదు. అయినా గుడ్లను తలుచుకుని తూము తీయించింది. మడుగు అడుగంటాక మూయించింది.

మూడోనాడు ఆకాశానికి చిల్లు పడింది. చుక్కమ్మ రెల్లుదుబ్బు ఎక్కి చూసింది. ఎర్రటి వరద గర్జిస్తూ వచ్చి, మడుగు వైపు తిరిగి, సుడులు చుట్టుకుంటూ దిగింది. దిగుతూనే ఉంది! అంత వాగునూ ఆ గుంట మింగేసింది.

పట్నంలో ఒక్క గుడ్డూ తడవలేదు.

వాన వెలిసింది. నిండిన మడుగు చూసి చీమలు మళ్లీ చిందులేశాయి. చుక్కమ్మ మాత్రం గేదె దగ్గరికెళ్లి, "అక్కా, కోప్పడకు. ఈత త్వరగా కానియ్యి" అంది.