రెండేళ్ళు ఆగితే

“నా పెన్షన్ సొమ్ములో మూడోవంతు ఎగిరిపోతే, కాఫీ తాగుతారా అంటావేంటి?”

స్కూలు బస్సు డ్రైవరు బల్ల గుద్దాడు. మోగుతున్న ఫోన్‌ను పెట్టుబడుల ఏజెంటు బోర్లా తిప్పాడు. పొద్దుట్నించీ అందరిదీ అదే గోల.

“మార్కెట్ అన్నాక పడుతుంది, లేస్తుంది బాబాయ్. ఇప్పుడు తీస్తే నష్టం ఖాయం. రెండేళ్ళు ఆగండి.”

“షేర్లలో పెడితే ఢోకా లేదన్నది నువ్వు. తీరా నెలాఖరుకి పని మానేస్తుంటే ఆగమంటున్నదీ నువ్వే. అందాకా ఏం తినాలి?”

“ఒంట్లో ఓపికుందిగా. ఇంకో రెండేళ్ళు బస్సు నడపండి. స్కూలువాళ్ళూ ఉండమంటున్నారట కదా.”

డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎడమకన్ను చేత్తో మూసుకుని ఏజెంటు వైపు తిరిగాడు.

“ఈ కుడికంటికి నీ మొహం కనబడదు. నల్లటి మచ్చ కనబడుతుంది. కిందటేడు కంటి పరీక్షలో బోర్డు మీది అక్షరాలు బట్టీపట్టి గట్టెక్కాను. అప్పట్నించీ స్టీరింగ్ పట్టుకోవాలంటే భయం. అందుకే మానేస్తానన్నాను. మీ పాప ఎక్కేది నా బస్సే.”

ఏజెంటు ‘ఇక బస్సు ముట్టుకోకండి’ అంటాడని డ్రైవరు ఎదురుచూశాడు. ఆ ఒక్క మాట అంటే, పోయిన డబ్బు సంగతి ఈ పూటకి వదిలేసి వెళ్ళేవాడేమో.

ఏజెంటు బోర్లించిన ఫోన్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

“రేపట్నించి పాపను నేనే దింపుతాను బాబాయ్.”

డ్రైవరు ఎడమకంటి మీంచి చెయ్యి తీసి, అతణ్ణి తేరిపార చూశాడు.

“మరి మిగతా పిల్లల్ని?”